రెండు లక్షల కిలోమీటర్లు దాటిన టర్బో సెడాన్: ఎవరికి అమ్మాలి, ఏది బాగుచేయించి అమ్మాలి

నా కారు చూడ్డానికి వచ్చిన మూడో మనిషి తలుపు తీయలేదు, చుట్టూ తిరిగి గీతలు వెతకలేదు. నేరుగా వచ్చి బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. చల్లగా ఉందని తెలిశాక నా వైపు చూసి, "పొద్దున్నుంచి స్టార్ట్ చేయలేదు కదండీ?" అన్నాడు. లేదన్నాను. తర్వాత ఆయిల్ పోసే మూత విప్పి, ఫోన్ లైటు లోపలికి వేసి, కనిపించినంత మేర లోహం రంగు చూశాడు. లేత తేనె రంగులో ఉంది. నల్లగా మడ్డి కట్టలేదు. అప్పుడు అడిగాడు, ఇక స్టార్ట్ చేయండి అని.

అంతకుముందు వచ్చిన ఇద్దరూ మీటర్ మీద 2,10,000 చూసి, నేను అడిగినదాంట్లో సగం చెప్పి వెళ్లిపోయారు. ఈయన కాస్త బేరమాడి, దాదాపు అడిగిన ధరకే తీసుకెళ్లాడు. అదే కారు, అదే వారం. ఎక్కువ తిరిగిన టర్బో స్పోర్ట్స్ సెడాన్ అమ్మేటప్పుడు నేను నేర్చుకున్నది ఇదే: ముందు ఎవరికి అమ్మాలో తేల్చుకోవాలి. ధర, రిపేర్లు, ప్రకటన అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. ఎవరికి అమ్మాలో తేల్చేది మాత్రం మన దగ్గరున్న రుజువులు.

కొనేవాళ్లు దేనికి భయపడతారు

మామూలు సెడాన్ రెండు లక్షలు తిరిగిందంటే కొనేవాళ్లు పెద్దగా కంగారుపడరు. టర్బో అనగానే వెనకడుగు వేస్తారు. ఆ భయంలో అర్థం ఉంది. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం. అందులోని చక్రం ఇంజిన్ వదిలే వేడి వాయువుల తాకిడికి నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు. ఆ ఇరుసును కాపాడేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ పాతబడినా, తక్కువైనా, గట్టిగా తోలిన వెంటనే ఇంజిన్ ఆపేసినప్పుడు ఆ వేడికి లోపలే మాడిపోయినా, దెబ్బ ముందు టర్బోకే తగులుతుంది. అందుకే వేళకు ఆయిల్ మార్చిన రెండు లక్షల కారు, నిర్లక్ష్యంగా వాడిన ఎనభై వేల కారు కంటే ఆరోగ్యంగా ఉండొచ్చు. కానీ బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రెండో భయం స్పోర్ట్స్ అనే మాట. ఇలాంటి కారు కొన్నవాడు కచ్చితంగా వాయించి ఉంటాడని, చిప్ ట్యూనింగ్ (శక్తి పెంచడానికి కారు కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం) చేయించి ఉంటాడని అందరూ అనుకుంటారు. మూడోది, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: ఏళ్లు గడిచేకొద్దీ కారు ధర పడిపోతుంది, పార్టుల ధర పడిపోదు. టర్బో, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపులను మింగే చక్రం), పెద్ద బ్రేకులు, గట్టితనం తమంతట మార్చుకునే అడాప్టివ్ షాక్ అబ్జార్బర్లు అన్నీ ఆ కారు కొత్తగా ఉన్నప్పటి స్థాయిలోనే ఖర్చు పెట్టిస్తాయి. ఒక్క పెద్ద రిపేరు కారు విలువలో మూడో వంతు మింగేయొచ్చు. తెలిసిన కొనుగోలుదారు ఈ లెక్క వేసుకునే వస్తాడు. తెలియనివాడు కొన్నాక వేసుకుంటాడు, అప్పుడు ఫోన్ మీకే చేస్తాడు.

ముందు ఒక సాయంత్రం కూర్చుని చూసుకోవాల్సినవి

ఇంట్లో ఉన్న బిల్లులన్నీ తీసి తేదీల వారీగా పేర్చండి. ప్రతి ఆయిల్ మార్పు దగ్గర కిలోమీటర్లు ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. నేను అలా రాసుకున్నప్పుడు ఒకచోట 14,000 కిలోమీటర్ల ఖాళీ కనిపించింది. మిగతావన్నీ ఎనిమిది, తొమ్మిది వేల దగ్గర మార్పించినవే. ఆ ఖాళీ టైములో ఆయిల్ మార్పించానో లేదో నాకే గుర్తులేదు. ఆ కాగితం కొనేవాడికి ఇచ్చినప్పుడు ఆయన వేలు ఒక్కో వరుసా దిగుతూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగింది. "ఇక్కడ బిల్లు లేదండీ, చేయించానని ఒట్టేసి చెప్పలేను" అన్నాను. ఆయన తలూపి ముందుకు వెళ్లాడు. నేను అక్కడ బిల్లు పోయిందని చెప్పి ఉంటే మిగతా కాగితాల మీద కూడా అనుమానం వచ్చేదని నా గట్టి నమ్మకం.

బిల్లులు దొరక్కపోతే సర్వీస్ చేసిన చోట అడగండి. చాలా గ్యారేజీల కంప్యూటర్లలో పాత రికార్డు ఉంటుంది. ప్రింటు తీసివ్వమంటే ఇస్తారు.

తర్వాత కారు దగ్గరికి వెళ్లండి. రాత్రంతా ఆగిన ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేసి, వెనక నిలబడి చూడండి. మొదట కాసింత తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది చలికి వచ్చే తేమ. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి వెళ్తున్నట్టు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. అది స్టార్ట్ చేయగానే వచ్చి పోతే వాల్వ్ సీళ్లు కావచ్చు, కాసేపు ఐడిల్‌లో ఆగి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వస్తే టర్బో సీలు కావచ్చు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువగా పోతోంది, గాలి ఎక్కడో లీకవుతోందేమో చూడాలి. మొదటి రెండు మూడు సెకన్లు గొలుసు గలగలమన్న చప్పుడు వచ్చి ఆగితే టైమింగ్ చైన్ (వాల్వులను వేళకు తెరిచి మూయించే గొలుసు) టెన్షనర్, అంటే దాన్ని బిగువుగా ఉంచే భాగం, చూపించుకోవాలి.

చివరగా, ఎప్పటిలోపు అమ్మాలో మీకు మీరు నిజం చెప్పుకోండి. వారంలో డబ్బు కావాలంటే కింద చెప్పే దారుల్లో సగం మీకు పనికిరావు. రెండు నెలలు ఆగగలిగితే అన్నీ తెరిచే ఉన్నాయి.

డీలర్‌కి ఇచ్చేయడం

ఎక్స్చేంజ్‌లో పాత కారు ఇచ్చి కొత్తది తీసుకోవడం అన్నిటికంటే తేలిక. ధర మాత్రం అన్నిటికంటే తక్కువ. కారణం డీలర్ చెడ్డవాడని కాదు. ఇంత తిరిగిన టర్బో కారుకు వారంటీ ఇచ్చి షోరూమ్‌లో నిలబెట్టి అమ్మడం అతనికి రిస్కు. చాలాసార్లు అది నేరుగా టోకు వేలానికి వెళ్తుంది. అక్కడ కొనేవాళ్లు మోడల్, వయసు, కిలోమీటర్లు చూస్తారు, మీ బిల్లుల ఫైలు ఎవరూ తెరవరు. కాబట్టి డీలర్ దగ్గరికి వెళ్లాలని తేల్చుకున్నవాళ్లు కారు మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు. కడిగి, లోపల శుభ్రం చేసి తీసుకెళ్తే చాలు. కొత్త క్లచ్ వేయించి డీలర్‌కి ఇస్తే ఆ డబ్బు పోయినట్టే.

బేరంలో ఒక్క విషయం మీద గట్టిగా ఉండండి. "కొత్తది కొనకపోతే నా కారుకు ఎంతిస్తారు?" అని విడిగా అడగండి. రెండు ధరలూ కలిపి మాట్లాడితే పాత కారుకు ఎక్కువ ఇచ్చినట్టు చూపించి కొత్త కారులో తగ్గింపు కోసేస్తారు. కనీసం ముగ్గురి దగ్గర, వీలైతే ఒకే రోజు ధర అడగండి. కొన్ని దేశాల్లో, కొన్ని రాష్ట్రాల్లో పాత కారు విలువ పోను మిగిలిన మొత్తం మీదే కొత్త కారు పన్ను వేస్తారు. మీ దగ్గర అలా ఉంటే ఆ మిగులు కూడా డీలర్ ఇచ్చే ధరకు కలిపి చూడాలి. అప్పుడు ప్రైవేటు అమ్మకంతో తేడా మనం అనుకున్నంత ఉండకపోవచ్చు.

ఈ దారి ఎవరికి? ఇంజిన్ లైటు వెలుగుతున్నవాళ్లకి, బిల్లులు లేనివాళ్లకి, గేర్‌బాక్స్ జారుతున్నవాళ్లకి, పెద్ద యాక్సిడెంట్ అయి బాగుచేయించుకున్నవాళ్లకి. వాళ్ల ఫారంలో యాక్సిడెంట్ గురించి, లైట్ల గురించి అడిగితే ఉన్నదున్నట్టు రాయండి. సంతకం మీదే ఉంటుంది.

ఆన్‌లైన్‌లో నిమిషంలో ధర చెప్పి కారు కొనే కంపెనీలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. తెరమీద కనిపించిన ధర, మనిషి వచ్చి చూశాక తగ్గుతుంది. అయినా ఆ ధర తెలుసుకోవడం మంచిది. దాన్ని అట్టడుగు ధరగా రాసిపెట్టుకోండి. ప్రైవేటుగా ఎవరైనా అంతకంటే తక్కువ చెప్తే మాట్లాడనక్కర్లేదు.

మామూలు కుటుంబానికి అమ్మడం

చాలామంది ఇక్కడే తడబడతారు. నాలుగు తలుపులు, పెద్ద డిక్కీ, వయసును బట్టి చవక ధర. ఆఫీసుకి, పిల్లల స్కూలుకి పనికొస్తుందని ఎవరో ఒకరు ముందుకొస్తారు. డబ్బు కూడా పర్వాలేదనిపించేంత ఇస్తారు. అయినా ఇది నాకు నచ్చని దారి. ఆ మనిషి సెడాన్‌ను చూస్తున్నాడు, మీరు టర్బో స్పోర్ట్స్ కారు అమ్ముతున్నారు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయాలని, ఆయిల్ మట్టం రెండు వారాలకోసారి చూడాలని, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారైతే నాలుగు టైర్లూ ఒకే రకంగా, ఒకేలా అరిగి ఉండాలని అతనికి ఎవరూ చెప్పలేదు. మూడు నెలల తర్వాత ఏదో పోతుంది. చట్టం ప్రకారం మీ బాధ్యత లేకపోవచ్చు, ఆ కుటుంబం ఇబ్బంది పడటం మాత్రం నిజం.

తప్పదనుకుంటే పైన చెప్పినవన్నీ నోటితో చెప్పి, కాగితం మీద రాసిచ్చి అమ్మండి. విన్నాక కూడా కావాలంటే అప్పుడు అది సరైన బేరం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, మెత్తటి సస్పెన్షన్, అసలు ట్యూనింగ్ జోలికి పోని కారైతే ఈ దారి కాస్త నయం.

ఆ మోడల్ మీద ప్రేమ ఉన్నవాళ్లకి అమ్మడం

రికార్డు బాగుంటే నా ఓటు దీనికే. ఇక్కడ కిలోమీటర్ల కంటే చరిత్రకు విలువ ఎక్కువ. వాళ్లకి ఆ ఇంజిన్ బలహీనతలు మీకంటే బాగా తెలుసు, కాబట్టి వాటికి మీరేం చేశారన్నదే అడుగుతారు.

ఉదాహరణకి 2006లో బీఎండబ్ల్యూ 335ఐలో వచ్చిన ఎన్54 ట్విన్ టర్బో ఇంజిన్ చూడండి. హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు చెడిపోవడం, టర్బో ఒత్తిడిని అదుపుచేసే వేస్ట్‌గేట్ గలగలమనడం, ఈ రెండూ దాని పేరు చెప్పగానే గుర్తొస్తాయి. పంపు ఎప్పుడు మార్చారో బిల్లు చూపిస్తే సంభాషణ అక్కడే సగం అయిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి పాత 2.0 టీఎఫ్ఎస్ఐలో ఫ్యూయల్ పంపును నడిపే క్యామ్ ఫాలోవర్ అనే చిన్న భాగం అరుగుతుంది, దాన్ని చూసి మార్చారా అని అడుగుతారు. తర్వాత వచ్చిన ఈఏ888 ఇంజిన్ తొలి తరాల్లో ఆయిల్ తాగడం, చైన్ టెన్షనర్ గురించి అడుగుతారు. ఆరు గేర్ల తడి క్లచ్ (ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్) డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చిన బిల్లులు కావాలంటారు. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐలోని ఈజే257 ఇంజిన్ అయితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగే జబ్బు ఉంది, కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) లెక్కలు లేకుండా ఎవరూ ముందుకు రారు. మిత్సుబిషి లాన్సర్ ఇవల్యూషన్ (ఇవో) తొమ్మిది వరకు టైమింగ్ బెల్టు, ఇవో పదిలో చైన్. ఈ తేడా ప్రకటనలో తప్పు రాస్తే మీకు మీ కారు తెలియదని వాళ్లకి అర్థమైపోతుంది.

స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ సంగతి ఇంకోటి. 2011లో కంపెనీ దివాలా తీసింది. 9-5 ఏరో లాంటి కారు ఇవాళ మామూలు కొనుగోలుదారుకి తలనొప్పి, పార్టులు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన అభిమానికి మాత్రం ముచ్చట. దాని తొలి ఏళ్ల ఇంజిన్లలో ఆయిల్ మడ్డి కట్టే సమస్య ఉండేది కాబట్టి, ఆయిల్ ప్యాన్ విప్పి శుభ్రం చేయించిన బిల్లు ఉంటే అది బంగారం.

ఇలాంటి కొనుగోలుదారుని వెతకడానికి నాకు తెలిసిన మంచి మార్గం మీ కారును ఇన్నాళ్లూ చూసిన మెకానిక్. "ఈ కారు అమ్ముతున్నాను" అని ఆయనకు ఒక మాట చెప్పండి. అలాంటి కారే నడిపేవాళ్లు ఆయన దగ్గరికి రోజూ వస్తుంటారు. వాళ్లు మీ మాటను నమ్మకపోయినా మెకానిక్ మాటను నమ్ముతారు. ఆ మోడల్ ఓనర్ల క్లబ్ ఉంటే అందులోనూ చెప్పండి.

ఈ దారిలో ఓపిక కావాలి. ప్రశ్నలు వందొస్తాయి, ఫొటోలు మళ్లీ మళ్లీ అడుగుతారు, కారు కొనకుండా కేవలం నడిపి చూసి పోదామని కొందరు వస్తారు. వాళ్లను వడకట్టడం ఎలాగో కింద చెప్తాను.

మిగతా దారులు, క్లుప్తంగా

కమీషన్ మీద అమ్మిపెట్టేవాళ్లకి కారు అప్పగించడం, తక్కువ సంఖ్యలో తయారైన మోడళ్లకే లాభం. అప్పగించే ముందు కారు వాళ్ల దగ్గరున్నన్నాళ్లు ఇన్సూరెన్స్ ఎవరిదో, టెస్ట్ డ్రైవ్‌లకు ఎవరు నడుపుతారో, అమ్ముడుపోకపోతే ఏం కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి. ఆన్‌లైన్ వేలం కూడా అంతే. మాన్యువల్ గేర్‌బాక్స్, అరుదైన రంగు లేదా ఆఖరి ఎడిషన్, నిండు ఫైలు ఉంటే కిలోమీటర్లు ఎక్కువైనా మంచి పోటీ రావొచ్చు. మామూలు వెర్షన్‌కి అంత శ్రమ దండగ.

విడదీసి పార్టులుగా అమ్మడం గురించి చాలామంది ఆశగా అడుగుతారు. కాగితం మీద లెక్క అద్భుతంగా వస్తుంది: సీట్లు, చక్రాలు, బ్రేకులు, గేర్‌బాక్స్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), హెడ్‌లైట్లు అన్నీ కలిపితే కారు ధర కంటే ఎక్కువే. కానీ తేలిగ్గా పోయేవి మొదటి నెలలో పోతాయి, ఆ తర్వాత తలుపులు, డ్యాష్‌బోర్డు, ఖాళీ బాడీ మీ స్థలంలో నెలల తరబడి పడుంటాయి. పాత ఆయిల్, కూలెంట్, ఏసీ గ్యాస్ పద్ధతిగా వదిలించుకోవాలి, అది వేరే పని. ఇంజిన్ పోయి, బాడీ బాగుండి, పనిముట్లూ చోటూ ఉన్నవాళ్లకి తప్ప నేను దీన్ని సలహా ఇవ్వను. ఇంజిన్ పోయిన కారును అలాగే, పోయిందని చెప్పి, అదే మోడల్ ఉన్నవాళ్లకి అమ్మడం చాలాసార్లు మెరుగు. వాళ్లకి పార్టుల కోసం అలాంటి కారు కావాలి.

బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా

లెక్క కోసం కారు ప్రైవేటుగా 100 పలుకుతుందనుకుందాం. క్లచ్ జారుతోంది కాబట్టి 80కే అడుగుతున్నారు. క్లచ్, ఫ్లైవీల్ కలిపి మార్చడానికి 22 అవుతుంది. మార్పిస్తే 100 వస్తుంది, మీకు మిగిలేది 78. అంటే మార్పించకుండా అమ్మడమే మేలు. పెద్ద పార్టుల విషయంలో ఈ లెక్క ఎక్కువగా ఇలాగే తేలుతుంది. పైగా మోడల్ తెలిసినవాడికి తనకు నచ్చిన క్లచ్ తనే వేసుకోవాలని ఉంటుంది, మీరు వేయించిన చవక క్లచ్‌కి అతను పైసా ఎక్కువ ఇవ్వడు.

చిన్నవాటి సంగతి వేరు. అరిగిన స్పార్క్ ప్లగ్గులు, చచ్చిన కాయిల్, చిరిగిన గాలి గొట్టం, లీకయ్యే డైవర్టర్ వాల్వ్ (టర్బో గాలిని మళ్లించే కవాటం), ఊగే ఇంజిన్ మౌంట్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్. వీటికి ఖర్చు తక్కువ, టెస్ట్ డ్రైవ్‌లో తేడా మాత్రం బాగా తెలుస్తుంది. ఐడిల్‌లో వణికే కారు కొనేవాడి మనసులో పెద్ద రోగంగా మారిపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు కాబట్టి అక్కడ కార్బన్ పేరుకుంటుంది. ఈ మధ్య శుభ్రం చేయించి ఉంటే బిల్లు, ఫొటో పెట్టండి. చేయించకపోతే దాని ఖర్చు ధరలో తగ్గించడానికి సిద్ధంగా ఉండండి, అమ్మకం కోసమని కొత్తగా చేయించనక్కర్లేదు.

టైమింగ్ బెల్టు మధ్యలో ఉంది. చాలా టర్బో ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ అక్కడితో అయిపోతుంది. గడువు దాటిపోయి, మామూలు కుటుంబానికి అమ్ముతున్నట్టయితే మార్పించే ఇవ్వండి. అభిమానికైతే గడువు దాటిందని చెప్పి ఆ మేర తగ్గించండి.

వీటన్నిటికంటే నేను డబ్బు పెట్టమనేది పరీక్షల మీద. కంప్రెషన్ టెస్ట్ చేయించి, ఒక్కో సిలిండర్ లెక్కను గ్యారేజీ కాగితం మీద రాయించండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే చూసినవాళ్ల ముఖం వెలిగిపోతుంది. వీలుంటే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోంచి గాలి ఎంత కారుతోందో చూసేది) కూడా చేయించండి. ఆయిల్ మార్చేటప్పుడు కొంచెం పాత ఆయిల్ సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే అందులో లోహపు రేణువులు, కూలెంట్, పెట్రోలు ఎంతున్నాయో రిపోర్టు ఇస్తారు. ఒక చిన్న రిపేరు ఖర్చు కూడా కాదు, 2,10,000 అన్న అంకె పక్కన అది పెట్టినప్పుడు ఆ అంకె బరువు తగ్గుతుంది.

లైటు ఆర్పి అమ్మే పని మాత్రం వద్దు. స్కానర్‌తో కోడ్లు చెరిపేస్తే కారు కంప్యూటర్ స్వీయ పరీక్షలన్నీ అసంపూర్తి అని చూపిస్తుంది, కొంత దూరం రకరకాలుగా నడిపితే తప్ప అవి పూర్తికావు. చవక స్కానర్ జేబులో పెట్టుకొచ్చినవాడికి ఇది పది సెకన్లలో తెలిసిపోతుంది. పైన పటారం లోన లొటారం అని అతను అక్కడే నిర్ణయించేసుకుంటాడు.

మార్పులు చేసిన కారైతే

ట్యూన్, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో నెట్టే గాలిని చల్లబరిచేది), ఎగ్జాస్ట్, లోయరింగ్ స్ప్రింగులు. వీటికి పెట్టిన డబ్బు కారు ధరలో తిరిగి రాదు, ఈ మాట ఎంత త్వరగా ఒప్పుకుంటే అంత మంచిది. కంపెనీ పార్టులు మీ దగ్గరే ఉంటే మళ్లీ అవే బిగించి, తీసిన వాటిని విడిగా అమ్మండి. రెండూ కలిపి చూస్తే ఎక్కువ వస్తుంది, కొనేవాళ్ల సంఖ్యా పెరుగుతుంది. విప్పి బిగించే కూలి ఎక్కువైన చోట, ఉదాహరణకి ఇంటర్‌కూలర్ లాంటివి, అలాగే వదిలేసి పాత పార్టును కొనేవాడికి ఉచితంగా ఇవ్వడం నయం.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది) తీసేసి ఉంటే తిరిగి బిగించాల్సిందే. అది లేని కారు చాలా దేశాల్లో రోడ్డు మీద తిరగడం చట్టవిరుద్ధం, కొన్నవాడు ఎమిషన్ పరీక్షలో ఇరుక్కుంటాడు.

ఈసీయూని మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మార్చినా, ట్యూన్‌తో నడిచిన కాలాన్ని దాచకండి. కొన్ని ఈసీయూలు ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేశారో లెక్క పెట్టుకుంటాయి. "ఫలానా కిలోమీటర్ల నుంచి ఫలానా కిలోమీటర్ల వరకు ట్యూన్‌తో నడిపాను, ఇప్పుడు స్టాక్, అంటే కంపెనీ సాఫ్ట్‌వేరే" అని రాస్తే అడగాల్సిన ప్రశ్న ముందే తీరిపోతుంది.

ప్రకటన

నేను పెట్టిన ప్రకటనలో మొదటి పేరా దాదాపు ఇలా ఉంది: "2,10,000 కిలోమీటర్లు. నేను రెండో ఓనర్‌ని, 1,30,000 నా చేతిలోనే తిరిగింది. ఒక్క ఖాళీ తప్ప ఆయిల్ బిల్లులన్నీ ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు ఆయిల్ తాగుతుంది. టర్బో 1,62,000 దగ్గర మార్చాను, బిల్లు ఉంది. వెనక ఎడమ తలుపు మీద చిన్న సొట్ట, డ్రైవర్ సీటు అంచు చిరిగింది. ఏసీ పనిచేస్తుంది, సన్‌రూఫ్ ఒక్కోసారి మొరాయిస్తుంది. ట్యూన్ చేయలేదు."

"సూపర్ కండిషన్", "ఫస్ట్ క్లాస్ బండి" లాంటి మాటలు ఒక్కటీ లేవు. కిలోమీటర్లు మొదటి మాటగా పెట్టడం వల్ల అంకె చూసి పారిపోయేవాళ్లు ముందే పోతారు, మిగిలినవాళ్లు చదువుతారు. ఫొటోలతో పాటు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసే వీడియో ఒకటి తీయండి. బయట వెనకవైపు నుంచి మొదలుపెట్టి, కోత లేకుండా డ్యాష్‌బోర్డు దాకా రండి. తాళం ఆన్ చేసినప్పుడు హెచ్చరిక లైట్లన్నీ వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవడం కనిపించాలి.

టెస్ట్ డ్రైవ్, డబ్బు, అప్పగింత

ఊరికే తోలి పోదామని వచ్చేవాళ్లను వడకట్టడానికి నేను రెండే చేశాను. ఫోన్‌లో మాట్లాడేటప్పుడే "ఫైలు పంపిస్తాను, చూసి ప్రశ్నలుంటే అడగండి, తర్వాత కలుద్దాం" అన్నాను. నిజంగా కొనేవాళ్లు ఫైలు చదివి వచ్చారు, మిగతావాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. రెండోది, డ్రైవింగ్ లైసెన్స్ చూడకుండా, ఇన్సూరెన్స్ వేరేవాళ్లు నడిపినా వర్తిస్తుందని తెలుసుకోకుండా తాళం ఇవ్వలేదు. పక్క సీట్లో నేనే కూర్చున్నాను.

బయల్దేరే ముందు ఒక నియమం చెప్పండి: ఆయిల్ వేడెక్కేదాకా గట్టిగా తొక్కొద్దు. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినా ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి ఇంకాసేపు పడుతుంది, పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడపమనండి. ఈ మాట విని విసుక్కునేవాడు మీ కారుకు తగినవాడు కాదు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఒకసారి పూర్తిగా తొక్కనివ్వండి, బూస్ట్ (టర్బో ఇచ్చే ఊపు) సాఫీగా వస్తుందో, క్లచ్ జారుతుందో అతనికి తెలియాలి. తిరిగొచ్చాక ఇంజిన్‌ని ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. వాళ్ల మెకానిక్‌కి చూపించుకుంటామంటే సరేననండి, ఖర్చు వాళ్లది.

డబ్బు మీ ఖాతాలో పడిందని స్క్రీన్‌షాట్ చూసి కాదు, బ్యాంకు ద్వారా మీరే తేల్చుకున్నాక తాళాలు ఇవ్వండి. అదే రోజు, కుదిరితే ఇద్దరూ కలిసి, యాజమాన్యం మార్పు కాగితాలు పూర్తి చేయండి. పేరు మారేదాకా చలాన్లు, ప్రమాదాలు మీ మెడకు చుట్టుకోవచ్చు. ఆ పని అయ్యాకే ఇన్సూరెన్స్ ఆపండి. కారులోంచి బ్లూటూత్‌లో జతచేసిన మీ ఫోన్, ఇంటి చిరునామా, గేటు రిమోట్ తీసేయండి, కారుకు కంపెనీ యాప్ ఉంటే ఖాతా తొలగించండి. ఇది మర్చిపోతే కొన్నవాడి కారు ఎక్కడుందో మీ ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

రెండో తాళం, చక్రాల లాక్ నట్టు సాకెట్, కంపెనీ పార్టులు, బిల్లుల ఫైలు డిక్కీలో పెట్టి ఇవ్వండి. వాడుతున్న ఆయిల్ గ్రేడు రాసిన చీటీ, మిగిలిపోయిన లీటరు డబ్బా కూడా ఇచ్చేయండి. ఇంటికి వెళ్లేలోపే అతనికి అవసరం పడొచ్చు.